మోన్‌రీ వాలు

రెజిమెంటు ఇక నీదేనని పైవాళ్ళు చెప్పిన రోజు నుంచి క్లెమెన్స్ ఫాన్ డ్రేవిట్స్‌కి ముద్ద దిగడం లేదు.

ప్రష్యా సైన్యంలో పుట్టి పెరిగినవాడికి అంతకంటే ఏం కావాలి? పాలబుగ్గల వయసులోనే కాడెట్ బడిలో పడ్డాడు. లెఫ్టినెంటయ్యాడు, కెప్టెనయ్యాడు, మేజరయ్యాడు. ఫ్రాన్సు యుద్ధంలో మోన్‌రీ అనే ఊరిని పట్టుకున్నందుకు ఛాతీ మీదికి పతకం వచ్చింది.

చిక్కంతా ఆ మోన్‌రీతోనే. ఊరు ఎత్తు మీద ఉంది. కింద నుంచి పైదాకా చెట్టు లేదు, గట్టు లేదు, ఉత్త దుంపల చేను. ఆ వాలు మీదుగా తన పటాలాన్ని నడిపించాడు. ఊరు చిక్కింది. పటాలంలో సగానికి పైగా ఆ చేలోనే ఉండిపోయింది.

సోమవారం కొత్త రెజిమెంటు ముందు నిలబడాలి. ఆలోపు ఒక్క మాట వినాలని ఉంది అతనికి. ఆ రోజు వేరే దారి లేదన్న మాట. నమ్మదగినట్టు చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. యుద్ధ విద్యాలయంలో అతనికి పాఠం చెప్పిన కర్నల్ హాబెర్‌లాండ్. ఉద్యోగం నుంచి దిగిపోయి, పోట్స్‌డామ్ శివార్లలో ఒంటరిగా ఉంటున్నాడు.

తలుపు తీసిన ముసలాయన శిష్యుణ్ణి ఎగాదిగా చూశాడు.

"పతకం పెట్టుకొచ్చావేంరా? ఇక్కడెవరి పెళ్ళి? బూట్లు అక్కడే విప్పు. మంచు లోపలికి తేకు."

క్లెమెన్స్ మేజోళ్ళతో లోపలికొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మోన్‌రీలో నేను చేసింది తప్పా, కాదా? అంతే చెప్పండి కర్నల్ గారూ."

"నేనక్కడ లేనుగా."

"ఆ చోటు పటం తెచ్చాను."

"తెస్తావని తెలుసు," అన్నాడు ముసలాయన. అల్మరాలోంచి చెక్కముక్కల పెట్టె తీశాడు.

హాబెర్‌లాండ్ పాఠాలన్నీ ఆ పెట్టెతోనే సాగేవి. మేజా మీద పటం పరిచి, చెక్కముక్కల్ని సైన్యాలుగా నడిపే ఆట. ఆడేవాళ్ళిద్దరూ వేరే వేరే గదుల్లో కూర్చోవాలి. తీర్పరి మాత్రం అటూ ఇటూ తిరుగుతూ, ఎవరి కంటికి ఎంత ఆనుతుందో అంతే వాళ్ళకు చెబుతాడు.

"నీ పటాలాన్ని నేను నడుపుతాను. తీర్పరినీ నేనే. నువ్వు ఊళ్ళో ఉన్న ఫ్రెంచివాడివి. వెళ్ళి వంటింట్లో కూర్చో."

"ఫ్రెంచివాణ్ణా?"

"నీలా ఆడడం నీకు వచ్చేసిందిగా. కొత్తదేదైనా నేర్చుకో."

వంటింట్లో, ఉల్లిపాయల బుట్ట పక్కన, క్లెమెన్స్ ఊరిని కాపాడడం మొదలుపెట్టాడు. దొంగాట అతనికి చేతకాదు. రాతి గోడల వెనక తుపాకులు పెట్టించి, వాలు మీదికి చూపు నిలిపి కాచుకున్నాడు.

ముసలాయన గడప దగ్గరికొచ్చాడు. "వాలు మీద ఎవరూ లేరు."

కాసేపటికి మళ్ళీ వచ్చాడు. "వాలు మీద ఎవరూ లేరు. ఉత్తరాన దుమ్ము లేస్తోంది."

ఆ దుమ్మేమిటో క్లెమెన్స్‌కి తెలుసు. తమ ప్రష్యా సైన్యానికి తోడుగా వస్తున్న సాక్సనీ దళం. వాళ్ళు వస్తున్నారని ఆ రోజూ తెలుసు. చీకటి పడేలోగా రారేమో అనుకున్నాడు. వస్తే ఊరు పట్టిన పేరు వాళ్ళకు పోతుందన్న ఆలోచనా అప్పుడు లేకపోలేదు.

"దుమ్ము దగ్గరికొచ్చేసింది," అన్నాడు ముసలాయన మరోసారి వచ్చి. "నీ వెనక దారి వైపే తిరుగుతోంది. ఏం చేస్తావు?"

ఆలోచించే పనే లేదు. వెనక దారి మూసుకుపోకముందే బయటపడాలి. నిన్నగాక మొన్న చేరిన విద్యార్థిని అడిగినా అదే చెబుతాడు.

"ఊరు ఖాళీ చేస్తాను," అన్నాడు క్లెమెన్స్.

అన్నాక ఆ మాట అతని చెవిన పడింది.

లేచి ముందు గదిలోకి వెళ్ళాడు. పటం మీద మోన్‌రీలో ఎవరూ లేరు. తన పటాలం వాలు కింద చెట్ల దగ్గర, మొదట పెట్టిన చోటే ఉంది. ఒక్క ముక్క తగ్గలేదు.

"నా వాళ్ళతో ఏం చేశారు?"

"ఏమీ చేయలేదు. చెట్ల చాటున కూర్చుని రొట్టె తినమన్నాను."

క్లెమెన్స్ మేజా అంచు పట్టుకున్నాడు. "ఆ రోజు ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళో లేదో మనకు తెలీదు."

"తెలీదు," అన్నాడు ముసలాయన. "నువ్వు మాత్రం వెళ్ళిపోయావు."

ఆట ముగిశాక ఆడినవాళ్ళు నిటారుగా నిలబడాలి, తీర్పరి కుర్చీలో కూర్చుని తప్పొప్పులు చెప్పాలి. విద్యాలయంలో అది ఆచారం. క్లెమెన్స్ మడమలు కలిపి నిలబడ్డాడు. చెప్పించుకోవడానికి సిద్ధపడ్డాడు.

హాబెర్‌లాండ్ కుర్చీ వైపు వెళ్ళలేదు. నొప్పి కాలు ఈడ్చుకుంటూ వచ్చి, శిష్యుడి పక్కన, అతనిలాగే మడమలు కలిపి నిలబడ్డాడు.

తరగతిలో ఆగిచూద్దామన్నవాణ్ణి ఈయన 'ముసలమ్మా' అని వెక్కిరించేవాడు. దూకినవాడికే మొదటి స్థానం. క్లెమెన్స్‌కి ఎప్పుడూ మొదటి స్థానమే వచ్చేది.

ఖాళీ కుర్చీకి ఎదురుగా ఇద్దరూ చాలాసేపు అలాగే నిలబడ్డారు.

"రాజీనామా ఇచ్చేస్తాను," అన్నాడు క్లెమెన్స్ చివరికి.

"ఇవ్వు. రెజిమెంటు ఎవరికి పోతుంది?"

"స్టాల్‌హోర్స్ట్‌కి. ఆ రోజు నా పక్కనే ఉన్నాడు."

"ఆ రోజు గురించి ఏమంటాడు?"

"ఎంత గొప్ప రోజో అంటాడు. మెస్సులో ఇప్పటికీ అందరినీ కూర్చోబెట్టి చెబుతాడు."

ముసలాయన చెక్కముక్కలు పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు.

క్లెమెన్స్ రాజీనామా మాట మళ్ళీ ఎత్తలేదు. తలుపు గడియ మీద చెయ్యి వేసి, వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"అలాంటి వాలే మళ్ళీ ఎదురైతే? మళ్ళీ తప్పు చేస్తే?"

"చేస్తావు," అన్నాడు హాబెర్‌లాండ్. "సోమవారం ఆలస్యం చేయకు."