వేడిగాలి చక్రం

అది కరువు మూడో ఏడు. కంచరి భద్రాచారి ఆరు యంత్రాలు చేసి పాడుచేసుకున్నాక ఏడోది తిరిగింది. ఇత్తడి గొట్టానికి ఒక కొస మంట, రెండో కొస చన్నీళ్ల తొట్టి. లోపలి గాలి ఉబ్బుతూ ముడుచుకుంటూ చక్రాన్ని తిప్పేది. ఆ చక్రం ఊరి బావిలోంచి పైరుకు నీళ్లు తోడేది.

సంగతి తెలిసి రాజు, తనకు విసనకర్ర విసరడానికి దాన్ని కోటకు తెప్పించుకున్నాడు. భద్రాచారినీ లాక్కెళ్లారు. అక్కడ అది గడియలో ఆగిపోయింది.

"తిరక్కపోతే నీ తల ఉండదు," అన్నాడు రాజు.

"తొట్టిలో నీళ్లు కాగిపోయాయి ప్రభూ. రెండు కొసలూ వేడైతే చక్రం కదలదు. చన్నీళ్లు పోస్తూనే ఉండాలి."

ఇరవైమంది భటులు కడవలు మోశారు. మంట సెగకు సభలో అందరికీ చెమటలు పట్టాయి, రాజుక్కూడా.

"ఇదేం గాలిరా!"

"ఈ ఇరవైమందీ కడవలు దించి తలో విసనకర్ర విసిరితే చల్లగా ఉంటుంది ప్రభూ."

రాజు యంత్రాన్ని ఇచ్చి పంపేశాడు.

భద్రాచారి ఊరు చేరేసరికి నెల దాటింది. పైరు మాడిపోయింది. భార్య అచ్చమ్మ బావిగట్టున కూర్చుని ఉంది.

"గెలిచొచ్చావా?" అంది.

అతను బావిలోకి తొంగిచూశాడు. అడుగున బురదే ఉంది. గడ్డపార అందుకుని ఇంకా లోతు తవ్వడానికి లోపలికి దిగాడు.