అందరికీ కాగితం కప్పులు

ఇంతవరకు నేను పైకి అనని మాట ఒకటుంది: మా ఊరి ఆడపిల్లల వీధినాటకం జట్టుకు నాయకురాలినని రెండేళ్ళు ఊరేగిన నేను, మనుషులంతా సమానమని వీధి వీధికీ చెబుతూనే, మా ఇంట్లో ఎస్తేరుకు ఒక గ్లాసు ఇప్పించలేకపోయిన పిరికిదాన్ని.

ఎస్తేరు మా జట్టులో డప్పు వాయించేది. వాళ్ళమ్మ మున్సిపాలిటీలో వీధులు ఊడ్చేది. పాటలు నేను రాసేదాన్ని, మాటలు నేను రాసేదాన్ని, కాని జనాన్ని పోగేసేది ఎస్తేరే. తను డప్పు అందుకుందంటే బస్సు ఎక్కబోయేవాళ్ళు కూడా ఆగేవాళ్ళు.

రిహార్సల్స్ మా ఇంటి వరండాలో జరిగేవి. మధ్యలో నాయనమ్మ టీ తెచ్చేది. అందరికీ స్టీలు గ్లాసులు. ఎస్తేరుకు మాత్రం కాగితం కప్పు.

ఒకరోజు లోపలికి వెళ్ళి, "తనకు అదెందుకు నాయనమ్మా?" అని అడిగాను.

"నీకు తెలీదులే. టీ ఇస్తున్నాగా, ఇంకేం కావాలంట?" అంది.

నేను వరండాలోకి తిరిగి వచ్చేశాను. ఆ రోజంతా నాకు కాలు ఒకచోట నిలవలేదు. చివరికి ఒక ఉపాయం తట్టింది. మర్నాడు కొట్టుకు వెళ్ళి పెద్ద కట్ట కాగితం కప్పులు తెచ్చాను. "ఇకనుంచి అందరికీ ఇవే. కడిగే పని తప్పుతుంది" అన్నాను. నాయనమ్మకు నచ్చింది. పిల్లలకూ నచ్చింది. ఎస్తేరు కప్పు అందుకుని, నా ముఖంలోకి ఒకసారి చూసి, తాగింది. గొడవ లేకుండా గట్టెక్కానని నేను సంబరపడ్డాను.

తరువాతి నెలలో జిల్లా కేంద్రంలో యువ నాయకులకు శిక్షణ పెట్టారు. మధ్యాహ్నం మా నాటకం కూడా ఉండటంతో జట్టంతా వెళ్ళాం. పదో తరగతి తప్పి, ఇంట్లోనే పుస్తకాలు ముందేసుకుని చదువుకున్నదాన్ని నేను. డిగ్రీ వాళ్ళ మధ్య కూర్చుంటే నేనే తక్కువదాన్ననిపించింది. శిక్షణ ఇచ్చే మేడమ్ ఒక్కొక్కరికీ మైకు ఇచ్చి, "మీ జట్టులో ఎక్కువ తక్కువలు లేకుండా ఏం చేశారు?" అని అడిగింది.

మైకు నా దగ్గరకు వచ్చింది. "మా జట్టులో అందరం ఒకే రకం కప్పుల్లో టీ తాగుతామండి. ఆ ఆలోచన నాదే" అనేశాను.

హాలంతా చప్పట్లు కొట్టింది. వెనక వరసలో ఎస్తేరు చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

భోజనాల వేళకు తను డప్పు సంచిలో సర్దుకుంటోంది. పరుగున వెళ్ళాను.

"ఎక్కడికే? మూడింటికి మన ఆట ఉంది."

"మీరంతా ఆడండక్కా."

"ఏమైందని?"

"ఏం కాలేదు. బాగా చెప్పావు. చప్పట్లు కూడా బాగానే పడ్డాయి." సంచి భుజాన వేసుకుంది. "నాకు మీ ఇంటి గ్లాసు ఇవ్వలేకే కదా, అందరి గ్లాసులూ లోపల పెట్టించావు?"

"నాయనమ్మ పెద్దావిడే, ఆవిడతో..."

"ఆమె సంగతి నాకు మొదట్నుంచీ తెలుసు. ఆమె దాచలేదు. నువ్వు దాచావు. పైగా మైకులో గొప్పగా చెప్పుకున్నావు."

నేను నాయకురాలి గొంతు తెచ్చుకున్నాను. "జట్టన్నాక సర్దుకోవాలి కదే."

"ఎప్పుడూ నేనేనా అక్కా?" అని వెళ్ళిపోయింది.

మూడింటికి డప్పు లేకుండానే ఆడాం. మొదటి పాట అయ్యేసరికి సగం మంది లేచిపోయారు. తిరుగు బస్సులో పిల్లలు ఎస్తేరు ఎందుకు వెళ్ళిందని అడిగితే, "దానికి పొగరు" అన్నాను. అది మొదటి తప్పు కంటే పెద్ద తప్పు.

నెల దాటింది. ఎస్తేరు మళ్ళీ రాలేదు. నేను ఫోన్ తీస్తాను, పెట్టేస్తాను. ఏమని మొదలుపెట్టను? డప్పు కోసమే పిలుస్తున్నానని తను అనుకుంటే? అసలు నేను పిలిచేది డప్పు కోసమేనేమో? లేచి నాలుగడుగులు నడుస్తాను, మళ్ళీ కూర్చుంటాను.

ఇవాళ ఒకటి తేల్చుకున్నాను. తనను తిరిగి రమ్మని అడగను. తప్పు నాదని చెబుతాను. తను తిడితే వింటాను. జట్టు ముందు నిజం ఒప్పుకోవడం, నాయనమ్మతో గొడవ పడటం ఆ తరువాత. అవి తప్పించుకునే వీలు లేదు.

జట్లను నడిపే చెల్లెళ్ళూ, తమ్ముళ్ళూ, ఇదీ నేను నేర్చుకున్న నీతి: ఏ మనిషి విలువా ఇంకో మనిషి విలువ కంటే తక్కువ కాదు, ఆ మాటను వేదిక మీద కాదు, సొంత ఇంట్లో, సొంత వాళ్ళ ఎదుట నిలబెట్టేవాళ్ళే నాయకులు. ఇంత రాసి కూడా ఎస్తేరుకు చెప్పకపోతే మళ్ళీ దాచినట్టే. అందుకే ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.