తిరుపాలు మార్పించిన ప్రాసెసరు

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున ఉన్న రాతి గుహలో, ఒక కంప్యూటరు ఉండేది. అడవి అంచున మనుషులు బంగళా ఖాళీ చేసి పోతూ వదిలేస్తే, ఎలుగుబంటి వీపున వేసుకుని తెచ్చింది. గుహ పైన ఎండకి పరిచిన సోలారు పలక నుంచి దానికి కరెంటు వచ్చేది.

దాన్ని చూసుకునేవాడు తిరుపాలు అనే దేవాంగపిల్లి. దేవాంగపిల్లి అంటే తెలుసా పిల్లలూ? పిడికెడంత ఒళ్ళు, ముఖం నిండా కళ్ళు. కొమ్మ మీద ఒక చెయ్యి వేశాక, రెండో చెయ్యి వెయ్యడానికి ఆలోచిస్తుంది. అంత నిదానం.

తిరుపాలు పని వీడియోలు తీసి, వాటిని కోసి అతికించి బొమ్మ, అంటే చిన్న సినిమా, చెయ్యడం. ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఎవరైనా చచ్చిపోతే, దినం రోజున వాళ్ళ బొమ్మ పెద్ద బండ మీద వేసి అందరూ చూడాలి. అది చూసేదాకా ఇంటివాళ్ళు మేత ముట్టరు. నీళ్ళు తాగి ఉంటారు. బొమ్మ చూసి, కరువుతీరా ఏడ్చి, అప్పుడు తింటారు.

ఆ ఎండాకాలం చుక్కమ్మ అనే దుప్పికి కడుపుకోత వచ్చింది. దాని పిల్ల సిరి మెడకి వేటగాళ్ళ ఉచ్చు పడింది. తల్లి వెళ్ళేసరికే ఊపిరి లేదు.

అంతకు ముందు ఒకసారి వాగు దగ్గర సిరి అమ్మని పిలుస్తూ గెంతుతుంటే, తిరుపాలు కొమ్మకి కట్టి వదిలేసిన కెమెరా వీడియో తీసింది. ఆ వీడియో కంప్యూటరులో తప్ప ఇంకెక్కడా లేదు. కెమెరాలోది కంప్యూటరులోకి ఎక్కించగానే కెమెరాలోంచి తుడిచేయడం తిరుపాలు అలవాటు.

చుక్కమ్మ గుహ ముందుకొచ్చి, దినానికి బొమ్మ అందుతుందా నాయనా అని అడిగింది. అందుతుంది అత్తా అన్నాడు. అందేదే. కంప్యూటరు పాతదైనా, పొద్దున పని పెడితే సాయంత్రానికి బొమ్మ చేతిలో పెట్టేది. దానివల్ల ఎవరి దినమూ ఆగింది లేదు.

మరి తిరుపాలుకి కష్టం ఎక్కడొచ్చింది? ఆటలో వచ్చింది. కంప్యూటరులో ఒక పరుగుల ఆట ఉండేది. అడవిలో అందరికంటే వెనకుండే తిరుపాలు, ఆ ఆటలో చిరుతని కూడా దాటేసేవాడు. ఈమధ్య కొత్త ఆట ఒకటి వచ్చింది. పాత కంప్యూటరు దాన్ని మొయ్యలేక ఆగి ఆగి నడిచేది.

ఆటలో జోడీ అయిన కొండముచ్చు గవరయ్య పక్కనే కూర్చుని తోక ఊపుతూ నవ్వాడు. "ఒరేయ్ తిరుపాలూ, నీ జబ్బే దానికీ అంటుకుందిరా. మీ ఇద్దరికీ పెళ్ళి పెడితే ముహూర్తానికి ఇద్దరూ చేరుకోరు."

తిరుపాలు నవ్వలేదు. ఆ మాట ముల్లులా దిగింది. లోపలి ప్రాసెసరు మార్పిస్తే ఆట గాలిలా పోతుందని కూడా గవరయ్యే చెప్పాడు. ప్రాసెసరు అంటే కంప్యూటరులో లెక్కలన్నీ చేసే బిళ్ళ. తెలివంతా దానిదే.

తిరుపాలు మెల్లగా పాక్కుంటూ, మరమ్మతులు చేసే ఈరన్న అనే అలుగు, అదే ఒంటినిండా పెంకులుండే జంతువు, దగ్గరికి పోయాడు. దేనికిరా అల్లుడా అని ఈరన్న అడిగితే, ఆట అని చెప్పడానికి సిగ్గేసింది. బొమ్మలకి మామా అన్నాడు.

బొమ్మలు ఆలస్యమవుతున్నాయా అని అడిగాడు ఈరన్న. అవుతున్నాయన్నాడు. అది మొదటి అబద్ధం.

"కొత్త బిళ్ళ కరెంటు ఎక్కువ లాగుద్ది, వేడీ ఎక్కువే. కరెంటు డబ్బా, ఫ్యానూ కూడా మార్చాల. అవి ఇప్పుడు నా దగ్గర లేవు. వానల దాకా ఆగుతావా?"

"చుక్కమ్మత్త పస్తులుంటోంది మామా. ఆమె కోసమే ఈ తొందర." అది రెండోది. ఆ తల్లి పేరు వినగానే ఈరన్న మెత్తబడ్డాడు.

లోపలున్నవన్నీ వేరే చోట దాచావా అన్నాడు చివరగా. దాచాలంటే రోజంతా పడుతుంది. అవతల గవరయ్య ఆటకి కాచుకుని ఉన్నాడు. దాచాను మామా అన్నాడు తిరుపాలు.

ఈరన్న వచ్చి బిళ్ళ మార్చి, బొమ్మ అయిపోగానే ఆపెయ్యమని చెప్పి వెళ్ళాడు. కంప్యూటరు రెప్పపాటులో లేచింది. బొమ్మ రేపు చెయ్యొచ్చులే అనుకున్నాడు తిరుపాలు. ఇద్దరూ ఆటకి కూర్చున్నారు. చిరుతని దాటాడు. మళ్ళీ దాటాడు. పెట్టె కాలిపోతోంది. వెంట్రుకలు మాడిన వాసన వస్తోంది. ఆపుదామా అన్నాడు గవరయ్య కూడా.

"ఇంకొక్కసారి," అన్నాడు తిరుపాలు.

పెట్టెలో టప్పుమంది. తెర నల్లబడింది.

ఈరన్న మళ్ళీ వచ్చి విప్పి చూశాడు. కరెంటు డబ్బా పేలి, వీడియోలుండే డిస్కుని కూడా మాడ్చేసింది. "పోనీలే, దాచిపెట్టింది పట్రా. వేరే దాంట్లో ఎక్కిద్దాం," అన్నాడు. తిరుపాలు నేల చూశాడు. ఈరన్న పనిముట్లు సర్దుకుని వెళ్ళిపోయాడు. బిళ్ళ మార్పించమన్నాను గానీ బొమ్మ మానేసి ఆడమన్నానా అని గొణుక్కుంటూ గవరయ్య కొమ్మల్లోకి జారుకున్నాడు.

దినం వచ్చింది. పొద్దు వాలగానే అందరూ బండ ముందు చేరారు. చుక్కమ్మ డొక్కలు ఎముకలకి అంటుకుపోయి ఉన్నాయి. తిరుపాలు దగ్గరికెళ్ళి, బొమ్మ కాలిపోయిందత్తా, ఆట కోసం నేనే చేశాను అని చెప్పాడు. అదొక్కటే నిజం చెప్పాడు, అదీ పనికిరాని వేళ.

చుక్కమ్మ తిట్టలేదు.

"పోనీ నువ్వు చూశావుగా నాయనా. నా బిడ్డ ఎట్టా పిలిచిందో నోటితో చెప్పు. అదే నాకు బొమ్మ."

తిరుపాలు రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు. ఆ వీడియో తీసింది కొమ్మకి కట్టిన కెమెరా, అది కంప్యూటరులోకి ఎక్కుతున్నంతసేపూ వాడు ఆటే చూస్తున్నాడు. సిరి గొంతు వాడు వినలేదు.

చుక్కమ్మకి అర్థమైంది. పెద్దలు ఆచారం సడలించామన్నారు. లేత గడ్డి తెచ్చి ముందు పెట్టారు. ఆమె వాసనైనా చూడలేదు. లేచి, ఉచ్చు పడిన చోటికి నడిచి వెళ్ళి, అక్కడే కూలబడింది. వానలు వచ్చి ఆ చుట్టూ మోకాలెత్తు గడ్డి మొలిచింది. దాన్ని మెయ్యడానికి చుక్కమ్మ లేదు.

నీతి: మన సరదాకి ఇంకొకరి కష్టాన్ని సాకుగా చెప్పకూడదు. ఆ అబద్ధం దెబ్బ మనకంటే ముందు మనల్ని నమ్మినవాళ్ళకే తగులుతుంది.