తల వంచాకే పండు

అనగనగా ఒక అడవిలో, పిల్లలూ, ఎలుగుబంట్లన్నిటికీ గుహలుండేవి. ఒక్క కంబళమ్మకి మాత్రం గుహతో పాటు పెరడు కూడా ఉండేది. ఒంటి నిండా కంబళి కప్పుకున్నట్టు బొచ్చు ఉండేది కాబట్టి ఆ ఎలుగుబంటిని అందరూ కంబళమ్మ అనేవారు. ఆ పేరుకి ఆమె ఎప్పుడూ నొచ్చుకోలేదు. నొచ్చుకోవడానికి ఆమెకి వేరే సంగతులు చాలా ఉండేవి.

పెరట్లో మూడు అంజూర చెట్లున్నాయి. ఒకటి నల్ల అంజూర, ఒకటి ఎర్ర అంజూర. ఈ రెండూ కంబళమ్మ స్వయంగా తెచ్చి నాటుకున్నవి. మూడోది ఇప్పమ్మ వదిన ఇచ్చిన కొమ్మ. ఇప్పమ్మ అంటే కంబళమ్మ అన్నగారి భార్య, కొండకి అవతల ఉంటుంది. "మా పెరట్లో రకం, నాటుకో కంబళమ్మా, నన్ను తలుచుకుంటావు" అని ఇచ్చింది.

రోజూ పొద్దున్నే కంబళమ్మ ఆ చెట్ల మధ్య నిలబడి పోలికలు పెట్టేది.

"నల్లదాన్ని చూడు! పండిందంటే వంకాయ రంగు. నోట్లో పెట్టుకుంటే బెల్లం ముద్దే!" అనేది.

"ఎర్రదాన్ని చూడు! పండు చిన్నదే, కానీ గింజలు కరకరలాడతాయి. తీపిలో కాస్త పులుపు కూడా!" అనేది.

మూడో చెట్టు దగ్గరికి రాగానే మూతి ముడుచుకునేది. "దీన్నీ చూడు! నలుపూ లేదు, ఎరుపూ లేదు. ఎన్నాళ్లయినా పచ్చగానే ఏడుస్తుంది" అనేది.

చెట్టు ఏడవలేదు పిల్లలూ. చెట్టు తన పని తాను చూసుకుంటోంది. కానీ కంబళమ్మ అన్నమాట అది.

మొదటి కాపు వచ్చినప్పుడు ఆ పచ్చకాయని ఒకదాన్ని గబుక్కున కోసి కొరికింది. కాయ రాయిలా ఉంది. తొడిమలోంచి తెల్లటి పాలు కారి మూతి భగభగ మండింది. మూడు రోజులు తేనె కూడా తినలేకపోయింది. తేనె తినలేని ఎలుగుబంటికి ఎంత కష్టమో మీరే ఆలోచించండి!

అప్పుడు అడవిలో కబుర్లు మోసే చిలకని పిలిచింది. "చిలకమ్మా, కొండ దాటి వెళ్లి మా వదినని అడిగిరా. ఈ చెట్టుకి పండు ఎప్పుడు దక్కుతుందట?" అంది.

చిలక వెళ్లింది, అడిగింది, వచ్చింది. "తల వంచాకే పండు దక్కుతుందని చెప్పమంది" అంది.

కంబళమ్మకి ఒళ్లు మండిపోయింది. "ఏమిటీ? నేను తల వంచాలా? ఒక ఎండుకొమ్మ నా చేతిలో పెట్టి, దాని పండు కోసం తన ముందు నేను తల వంచాలా?" అంది.

ఆ రోజు నుంచి వదినకీ తనకీ మాటల్లేవు. అన్నగారి ఇంటికి రాకపోకలు లేవు. ఏడాది గడిచింది. పచ్చకాయలు కాసేవి, రాలిపోయేవి. కంబళమ్మ వాటిని చేత్తో తాకను కూడా తాకేది కాదు. కాలితో కంచె కిందికి తన్నేసేది. పిట్టలు కూడా వాటిని పచ్చికాయలే అనుకుని, నల్లవీ ఎర్రవీ పొడుచుకుని తినేవి.

ఇలా ఉండగా కంబళమ్మ కూతురు జున్నుకి జ్వరం వచ్చింది. తాబేలు వైద్యుడు నడిచొచ్చి చూసేసరికే రెండు రోజులు పట్టింది. ఆకు పసరు పోశాడు. జ్వరం దిగింది. కానీ పిల్ల ఏమీ తినడం లేదు. తేనె పెడితే మొహం తిప్పుకుంది. చేప పెడితే కళ్లు మూసుకుంది. ఇప్పపూలు పెడితే ఉమ్మేసింది.

తాబేలు వైద్యుడు కంబళమ్మని పక్కకి పిలిచాడు. "అమ్మా, నా మందు అయిపోయింది. ఇక తిండే మందు. ఏదో ఒకటి ఇష్టంగా తింటే పిల్ల లేచి కూర్చుంటుంది. ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే మాత్రం నేను చెప్పలేను" అన్నాడు.

కంబళమ్మ పిల్ల దగ్గరికి వెళ్లి, "నా తల్లీ, ఏం తింటావే?" అని అడిగింది.

"అంజూర పండు" అంది జున్ను, చిన్న గొంతుతో.

కంబళమ్మ పెరట్లోకి పరుగెత్తింది. నల్ల చెట్టు చూసింది. అకాలంగా కురిసిన వానకి పళ్లన్నీ పగిలి పుల్లబడి ఉన్నాయి. ఎర్ర చెట్టు చూసింది. గోరింకలు ఒక్క పండు కూడా మిగల్చలేదు. తన భుజాల ఎత్తే ఉన్న పచ్చ చెట్టు చూసింది. నిలువెత్తున నిలబడి పైనుంచి చూస్తే ఆకుల మధ్య అన్నీ పచ్చటి కాయలే.

"ఇది ఉన్న చోట ఇంకో నల్లది నాటుకుని ఉంటే నా పిల్లకి ఒక్క పండైనా దొరికేది కదా!" అని ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. గోళ్లతో ఆ చెట్టు మొదలు తవ్వడం మొదలుపెట్టింది. తూర్పు వైపు తవ్వింది. పడమటి వైపు తవ్వింది. దక్షిణం వైపు తవ్వింది. ఇక ఉత్తరం వైపు తవ్వి భుజంతో ఒక్క తోపు తోస్తే చెట్టు పడిపోతుంది.

అప్పుడు గుహలోంచి జున్ను గొంతు వినిపించింది. "అమ్మా, పండు దొరికిందా?"

కంబళమ్మ చేతులు ఆగిపోయాయి.

వదిన పెరట్లో పళ్లుంటాయి. అడిగితే పంపుతుంది. కానీ అడగాలంటే తల వంచాలి. కంబళమ్మ అలాగే మట్టిలో కూర్చుంది. ఏడాది పాటు మోసిన పౌరుషం ఒకవైపు, పిల్ల గొంతు ఒకవైపు. ఎంతసేపు పట్టిందంటారు? ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

"చిలకమ్మా! ఇలా రావే. మా వదినతో చెప్పు. కంబళమ్మ తల వంచింది, తన పిల్ల కోసం రెండు పళ్లు పంపమంది అని చెప్పు. నువ్వే సాక్షివి, చూడు" అంది.

అలా అని కొండ వైపు తిరిగి, ఆ చెట్టు కిందే, మోకాళ్ల మీద కూర్చుని తల వంచింది.

టప్.

మెడ మీద చల్లగా ఏదో పడింది. తుడుచుకుంది. చెయ్యి జిగటగా ఉంది. వాసన చూసింది. తేనె! ఎలుగుబంటికి తేనె వాసన తెలియదా? మెల్లగా తల తిప్పి పైకి చూసింది.

కింద నుంచి ఆ చెట్టుని ఆమె ఎన్నడూ చూడలేదు. ఆకుల చాటున పచ్చటి పళ్లన్నీ తొడిమ వంగి, తల కిందికి వాల్చి వేలాడుతున్నాయి. ఒక్కొక్క దాని అడుగున ఒక్కొక్క తేనె బొట్టు నిలబడి ఉంది. ఒకటి ముట్టుకుంది. వెన్నలా మెత్తగా ఉంది. విప్పి చూస్తే లోపలంతా ఎర్రగా ఉంది.

కంబళమ్మ నాలుగు పళ్లు కోసుకుని గుహలోకి పరుగెత్తింది. జున్ను ఒకటి నాకింది. ఒకటి కొరికింది. మూడోదానికి లేచి కూర్చుంది. నాలుగోది కూడా తినేసి, "అమ్మా, ఇంకోటి!" అంది.

కంబళమ్మకి ప్రాణం లేచొచ్చింది. పిల్లని ఒళ్లో పెట్టుకుని భోరున ఏడ్చింది. ఈసారి ఏడుపులో కోపం లేదు.

సాయంత్రానికి ఇప్పమ్మ వదిన బుట్టతో పళ్లు పట్టుకుని కొండ దిగి వచ్చేసింది. చిలక కబురు విన్నాక ఇంట్లో నిలబడలేకపోయిందట. జున్నుని ఎత్తుకుని ముద్దాడింది. తరవాత పెరట్లోకి తొంగిచూసి, "ఈ గోతులేమిటే?" అంది.

"ఎరువు వేద్దామని" అంది కంబళమ్మ.

అది అబద్ధం పిల్లలూ. కంబళమ్మకే నచ్చలేదు. వెంటనే జరిగిందంతా చెప్పేసింది. "నువ్వు తల వంచమన్నావని ఏడాది నీ మీద పళ్లు నూరాను వదినా" అంది.

ఇప్పమ్మ నోరు తెరిచి చూసింది. "నిన్నా? నిన్నెవరు వంచమన్నారే పిచ్చిమొహమా! పండు తల వంచాలి! కాయగా ఉన్నప్పుడు నిక్కి నిలబడుతుంది, పండితే వాలుతుంది. మా చెట్టు కాయల వైపు చెయ్యి చూపించే చెప్పాను కదా!"

ఇద్దరూ చిలక వైపు చూశారు.

"నన్నెందుకు చూస్తారు? మాట చెప్పమన్నారు, చెప్పాను. చెయ్యి చూపించడానికి నాకు చేతులెక్కడున్నాయి?" అంది చిలక.

నవ్వి నవ్వి వదినామరదళ్లకి పొట్టలు చెక్కలయ్యాయి. నవ్వు ఆగాక ఇప్పమ్మ కళ్లు తుడుచుకుంది. "నా చెట్టు నీకు నచ్చలేదు, అందుకే రావడం మానేశావనుకున్నాను. నాకూ బాధగానే ఉండేది కంబళమ్మా. నేనైనా వచ్చి అడగాల్సింది" అంది.

ఇద్దరూ కలిసి గోతులు పూడ్చి, వేళ్లకి నీళ్లు పోశారు. మర్నాడు పొద్దున కంబళమ్మ మూడు చెట్ల మధ్యా నిలబడింది గాని, పోలికలు పెట్టలేదు. జున్ను చెట్టు కింద వెల్లకిలా పడుకుని, "అమ్మా, ఇంకో రెండు తల వంచాయి!" అని అరిచింది.

నీతి: ఎవరి మాటైనా మనసుకి గుచ్చుకుంటే, కోపం తెచ్చుకునే ముందు "ఏమన్నావు?" అని ఇంకోసారి అడగండి.