గడ్డి తినని కాపలాదారు

ఆ ఏడు బోడగుట్ట మీద మేత ధర పెరిగింది. జంతువుల దగ్గర పైసలుండవు కాబట్టి ధర కాళ్ళతోనే కట్టాలి. మునుపు పది అడుగులేస్తే నోరు నిండేది. వానలు రెండేళ్ళు ముఖం చాటేశాక మూడు గుట్టలు దాటినా సగం నోరే. మేపలేక యజమానులు కట్లు విప్పి తోలేసిన పశువులవి. వెనక్కి పోదామంటే కొట్టం లేదు, రమ్మని పిలిచేవాళ్ళు అసలే లేరు.

అయినా బతికాయంటే ముసలి ఎద్దు పుణ్యమే. "మేతకు పోయొచ్చే ప్రతి ఒక్కలు ఒక నోటికి పట్టినంత గడ్డి ఈ బండ మీద పెట్టుండ్రి. తిరగలేనోళ్ళు వచ్చి తింటరు. ఎవలు తిన్నరని ఎవలూ అడగొద్దు," అంది అది. దానికి నోటికుప్ప అని పేరు పడింది. కాలు విరిగిన గాడిద నెల రోజులు ఆ కుప్ప మీదే బతికింది. పిల్లలు పెట్టిన కుందేలు దాని దయవల్లే లేచి తిరిగింది.

ఎండలు ముదిరాయి. పెట్టేవాళ్ళు తగ్గారు, తినేవాళ్ళు పెరిగారు. కుప్ప తరిగేకొద్దీ మాటలు పెరిగాయి.

"గాడిద కాలు ఎప్పుడో అతికింది. కుప్ప కనపడంగనే కుంటు మొదలైతది," అంది కుందేలు.

"ఏడాదికి నాలుగు కాన్పులయ్యేటోళ్ళకు ఎంత పెడితే సాలుతది?" అంది గాడిద.

సరిగ్గా అప్పుడే నక్క వచ్చింది. ఇద్దరు తగువు పడుతున్నారంటే చాలు, మూడోవాడికి ఎక్కడలేని తీరికా దొరుకుతుంది.

"కుప్పకు నేను కాపలుంట. నేను గడ్డి ముట్టనని మీకు ఎరికే, దొంగతనం భయం లేదు. నిజంగ కష్టంల ఉన్నోళ్ళకే అందేటట్టు సూస్త," అంది.

ఎద్దు చాలాసేపు నెమరేసింది. "మరి కూలి ఏం గావాలె?"

"కూలా? నలుగురికి మేలు చేస్తె నా కడుపు నిండినట్టే, తాతా."

గాడిద సంబరపడింది, కుందేలూ సంబరపడింది. కంచే చేను మేస్తుందేమోనని ఎద్దుకు లోపల గుబులే. కానీ గడ్డి తినని కంచెను ఏమని అనుమానించాలో దానికి తోచలేదు. సరేనంది. పెద్దవాళ్ళు తోచక సరే అనడంతోనే సగం కొంపలు మునుగుతాయి.

మర్నాటి నుంచి నక్క బండ ఎక్కి కూర్చుంది. గడ్డి కోసం వచ్చినవాళ్ళు ముందు దానికి తమ గోడు చెప్పుకోవాలి. అది కసురుకునేది కాదు, ఎంతో మెత్తగా అడిగేది.

నల్లగొర్రె అన్నాళ్ళూ కుప్పలో పెట్టిందే గాని తీసింది లేదు. చెయ్యి చాచడమంటే దానికి చచ్చేంత సిగ్గు. కానీ పొదుగు ఎండిపోయింది. పుట్టి ఇరవై రోజులైనా నిండని పిల్ల కుమ్మి కుమ్మి, పాలు రాక, చివరికి అరిచే ఓపిక కూడా పోగొట్టుకుంది. దాని కోసం గొర్రె సిగ్గు దిగమింగుకుని వచ్చింది.

"ఇంట్ల ఎందరుంటరు, చెల్లె?" అడిగింది నక్క.

"నేను, నా పిల్ల."

"పిల్ల నడుస్తదా?"

"లేస్తది, పడ్తది. బలం లేదన్నా."

"అయ్యో! మరి నువ్వు మేతకు పోతే ఎవలు సూస్తరు?"

"నాకెవలున్నరు? వాగు ఒడ్డున రేగుపొద కింద పండబెట్టి పోత. పొద్దు నడినెత్తి దాటినాక మర్లి వస్త."

"పాపం, ఎంత కష్టం!" నక్క కళ్ళు తడిశాయి. ఒక నోటికి బదులు రెండు నోళ్ళకు సరిపడా గడ్డి తోసింది. గొర్రె దానికి దండం పెట్టి మరీ తింది.

మర్నాడు మేత నుంచి తిరిగొస్తుంటే దారిలోనే పాలు చేపుకొచ్చాయి. గొర్రె పరుగెత్తింది. పొద కింద పిల్ల లేదు. ముళ్ళకు చిక్కిన ఉన్ని ఉంది, నేల మీద నెత్తురుంది.

ఆ అరుపుకు గుట్ట మీద ఉన్నవాళ్ళంతా చేరారు. "తోడేలు పనే," అంది నక్క అందరికంటే ముందు. "మొన్న కుందేలు పిల్లల్ని గూడ అదే ఎత్తుకపోయె."

గొర్రె ఆ మాట విని ఏడుపు ఆపింది. కుందేలు నక్కకు గోడు చెప్పుకున్నది అటుమొన్న. పిల్లలు పోయింది మొన్న. తాను చెప్పుకున్నది నిన్న.

మర్నాడు పొద్దున్నే గొర్రె మేతకు పోకుండా బండ పక్కన కూర్చుంది. గాడిద వచ్చింది.

"ఇంట్ల ఎందరు?" అడిగింది నక్క.

"ఒక్కణ్ణే."

"ఒంట్ల బాగుందా?"

"ఇప్పుడు ఒక్క తన్ను తంతే బండ పగుల్తది."

నక్క ఆవులించి రెండు పరకలు విదిలించింది.

గొర్రె తిన్నగా ఎద్దు దగ్గరికి పోయింది. "తాతా, అది అన్నీ అడుగుతంది. ఎంత ఆకలైతందని మాత్రం ఒక్కల్ని గూడ అడగలే."

ఎద్దు నెమరు ఆగిపోయింది. "దొంగ చేతికి తాళాలిచ్చింది నేనే, బిడ్డా. కుమ్మి సంపుదామంటే దాని ఎంట ఉరకలేను."

"నువ్వు ఉరికే పని లేదు," అని గొర్రె మళ్ళీ బండ దగ్గరికొచ్చింది.

"అన్నా, మా అత్త వచ్చింది. ఆమెకు గూడ ఇంత గడ్డి పెట్టు."

"ఎట్లుంటది మీ అత్త?"

"నల్లగుంటది. ఒళ్ళంత ఒత్తు బొచ్చు. నా లెక్క ఎండిపోలే, మంచి కండ ఉంది. కండ్లే సరిగ కనపడవు. పొద్దంత నిద్రనే."

నక్క గుటక మింగింది. "తోడు ఎవలన్న ఉన్నరా?"

"పాలు తాగే పిల్లలు ఇద్దరు."

"ఏడ దిగిన్రు?"

"మూడో గుట్ట కింద, రాతి గుహల."

"పాపం, ఎంత కష్టం!" అని నక్క ఈసారి మూడు నోళ్ళకు సరిపడా గడ్డి ఇచ్చింది.

గొర్రె చెప్పినదాంట్లో అత్త అన్న మాట ఒక్కటే అబద్ధం. మూడో గుట్ట కింద గుహలో పిల్లల తల్లి ఎలుగుబంటి దిగిన సంగతి అంత దూరం మేతకు పోయేవాళ్ళకు తెలుసు. కూర్చున్న చోటికే కబుర్లు తెప్పించుకునే నక్కకు తెలియదు.

మిట్టమధ్యాహ్నం నక్క నాలుక తడుపుకుంటూ గుహలో దూరింది. ముందు పసిపిల్ల కుయ్యిమంది. ఆ వెంటనే నక్క అరిచింది, అదీ ఒక్కసారే. ఎలుగు దాన్ని బయటికి ఈడ్చి పారేశాక చూస్తే, ఏ ముక్క ఎక్కడిదో గుర్తుపట్టే వీలు లేకపోయింది.

కబురు తెలిసి గాడిద గుట్ట దద్దరిల్లేలా ఓండ్రపెట్టింది. కుందేలు నేల మీద కాళ్ళు కొట్టుకుని ఏడ్చింది. నల్లగొర్రె మాత్రం ఎడంగా నిలబడి ఉంది. ఎద్దు నోటితో ఇంత గడ్డి తెచ్చి దాని ముందు పెట్టింది.

"పగ తీరింది గద, బిడ్డా. ఇగనన్న ఇంత తిను."

"వద్దు తాతా. తింటే మళ్ళ పాలొస్తయి."

నీతి: ఆకలి తీర్చేవాడు ఎంత కావాలని అడుగుతాడు, ఆరాలు తీసేవాడి ఆకలి వేరే ఉంటుంది.