హబ్షీ ముడి

ఒకానొక రాజ్యంలో, ఓడల రేవును ఆనుకొని ఉన్న కోటలో, రణధీరభూపతి అనే రాజు ఉండేవాడు. ఆయనకు యుద్ధాలంటే భయం, శాసనాలంటే ప్రీతి. ఏది తోచినా రాగిరేకు మీద చెక్కించేవాడు. వేసవిలో ఎండ మెండుగా ఉంటుందని కూడా ఒక శాసనం ఉండేది.

ఆయన మంత్రి అనంతప్రగడ. మంత్రికి ఒక బావమరిది. ఆ బావమరిదికి కోట అంగడివీధిలో మూల మీది కొట్టు కావాలి. ఆ కొట్టు యాకూతుది.

యాకూతు హబ్షీ. సముద్రం అవతలి దేశంవాడు, కారునలుపు మనిషి. పడుచుతనంలో ఓడ మీద సరంగుగా వచ్చి, ఈ ఊరి పిల్లను పెళ్లాడి, ఇంగువ అమ్ముకుంటూ ఇక్కడే ఉండిపోయాడు.

ఒకనాడు మంత్రి కొలువులో లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, తమ శాసనాలకు తగిన సత్యం ఒకటి కనిపెట్టాను. జనం సరుకు చూసి కొనరు, అమ్మేవాడి పుట్టుక చూసి కొంటారు. కావాలంటే పరీక్షించండి. యాకూతు కొట్టు ముందు మూడు రోజులు భటులను నిలబెడదాం. మనవాడు ఒక్కడైనా గుమ్మం తొక్కుతాడేమో చూద్దాం."

రాజుకు మాట నచ్చింది. భటులు నిలబడ్డారు. మొదటి రోజు ఒక మేక వచ్చి గుమ్మానికి కట్టిన మామిడాకులు తిని పోయింది. రెండో రోజు ఒక పరదేశి వచ్చి రేవుకు దారెటని అడిగాడు. మూడో రోజు ఎవరూ రాలేదు.

"చూశారా!" అన్నాడు మంత్రి. "ఇక హబ్షీలూ, పరదేశులూ కోట బయట ఇసుకదిబ్బల దగ్గర అమ్ముకోవాలని చెక్కించండి. కొనేవాడు లేని కొట్టు వీధికి అందం కాదు. ఆ కొట్టు నడపడానికి మనవాడు ఒకడు సిద్ధంగా ఉన్నాడు."

"తమ బావమరిదేనా?" అని అడిగాడు ఎల్లన.

ఎల్లన కొలువులో విన్నపాలు చదివి వినిపించే ఉద్యోగి. రోజుకు నలభై మంది గోడు పైకి చదివీ చదివీ గొంతు బొంగురుపోయినవాడు. అందువల్ల ముక్తసరిగా మాట్లాడేవాడు.

"ఎవరైతే నీకేమయ్యా?" అన్నాడు మంత్రి.

"నాకేముంది మహామంత్రీ! బేరమే లేనివాడు ఇన్నేళ్లు ఏం తిని బతికాడా అని."

"వాళ్ల దేశంలో తిండి తక్కువ కాబోలు" అన్నాడు మంత్రి. కొలువు నవ్వింది. రాజు రాగిరేకు తెమ్మన్నాడు.

మర్నాడు యాకూతు పంపిన విన్నపం వచ్చింది. తాటాకు చుట్టకు సన్నని తాడుతో ముడి వేసి ఉంది. ఎల్లన కొస పట్టుకుని ఒక్క లాగు లాగాడు. ముడి మొత్తం ఇట్టే విడిపోయింది. ఆయన ఆ తాడు వంక ఒక్క క్షణం చూసి, దాన్ని నడుములో దోపుకొని, చదివాడు.

"ప్రభువులకు దండాలు. ఇరవై రెండేళ్లుగా ఈ వీధిలో ఉన్నాను. నా బిడ్డలకు మీ భాష తప్ప ఇంకో భాష రాదు. దిబ్బల మీద ఉప్పుగాలికి ఇంగువ నిలవదు. కొట్టు పోతే మేం ఓడ ఎక్కవలసిందే. ఎక్కి ఎక్కడికి పోవాలో తెలియదు."

రాజు కొంచెం మెత్తబడ్డాడు. కానీ రాగిరేకు అప్పటికే సాపు చేసి తెచ్చారు.

"ప్రభూ, చెక్కించండి" అన్నాడు ఎల్లన. కొలువంతా ఆశ్చర్యపోయింది. "అయితే మనవాళ్ల ఇంగువ ఎంత గొప్పదో కూడా అందులో రాయించాలి కదా! రేపు రాచవంటశాల నుంచీ, కొలువులో ఉన్న ప్రతి ఇంటి నుంచీ ఇంగువ పొట్లం ఉన్నది ఉన్నట్టు తెప్పించండి. వాసన చూసి రాద్దాం."

"భేషైన మాట!" అన్నాడు మంత్రి. "మా ఇంట్లో బసివిశెట్టి ఇంగువ తప్ప వాడం."

కొలువంతా అదే మాట చెప్పింది. బసివిశెట్టి కొట్టు యాకూతు కొట్టుకు ఎదురుగా ఉంది. మంచి వంశం, ఎత్తైన అరుగు, ఎప్పుడూ కిటకిటలాడే బేరం.

మరునాడు పళ్లెంలో ముప్పై పొట్లాలు వచ్చాయి. మంత్రి తన ఇంటి పొట్లం విప్పి, కళ్లు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చాడు.

"ఆహా! మనవాడి చేతి సరుకు. ఈ వాసన పరాయివాడికి జన్మలో రాదు."

"ఆ మాట రాసుకున్నాను" అన్నాడు ఎల్లన. "ఇక మళ్లీ కట్టేయండి, వాసన పోతుంది."

మంత్రి తాడు అటు చుట్టాడు, ఇటు చుట్టాడు. పొట్లం విచ్చుకుపోయింది. రాజుగారూ ఒక పొట్లంతో ప్రయత్నించారు. ఇంగువ ఒడిలో పడింది.

"అన్నిటికీ ఒకే ముడి" అన్నాడు ఎల్లన. "లాగితే విడిపోతుంది, బిగిస్తే వాసన బయటికి పోదు. మా ఇంట్లో పొట్లానికీ ఇదే. కట్టినవాణ్ణి పిలిపిద్దాం."

బసివిశెట్టి వచ్చాడు. తాడు చేతికిచ్చారు. ఆయన దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడ్డాడు.

"ఏం శెట్టీ, కట్టవేం?" అన్నాడు రాజు.

"నాకు రాదు ప్రభూ."

"మరెవరికి వచ్చు?"

శెట్టి వాకిలి వైపు చూశాడు. ఎల్లన సైగ చేస్తే, ఆయన ముందే పిలిపించి వాకిట్లో కూర్చోబెట్టిన యాకూతును లోపలికి తెచ్చారు. అతడు తాడు అందుకుని రెప్పపాటులో ముడి వేసి, పొట్లాన్ని రాజుగారి ముందు పెట్టాడు.

"ఇది ఓడ తెరచాపకు వేసే ముడి ప్రభూ" అన్నాడు.

బసివిశెట్టి చేతులు జోడించాడు. "తప్పు క్షమించండి. ఇరవై ఏళ్లుగా సరుకు యాకూతన్నదే. పెరటి సందులోంచి తెచ్చుకుని అమ్ముతున్నాను. జనానికి ఆయన ఇంగువ కావాలి, ఆయన గుమ్మం వద్దు. నాకు గుమ్మం ఉంది."

కొలువులో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. ముందుగా తేరుకున్నవాడు మంత్రే.

"అయితే నేనన్నది నిజమే కదా! జనం పుట్టుక చూసే కొట్టు ఎంచుకుంటారు."

"అక్షరాలా నిజం మహామంత్రీ" అన్నాడు ఎల్లన. "కళ్లు చూసే పని అవి చేశాయి. నాలుకకు కళ్లు లేవు, అంతే తేడా. ప్రభూ, చెక్కించండి. యాకూతు ఓడ ఎక్కుతాడు, ఎల్లుండి నుంచి కోటలో ఎవరి చారులోనూ ఇంగువ ఉండదు. సత్యం మాత్రం రాగిరేకు మీద ఉంటుంది."

రాజు తన ఒడిలో పడ్డ ఇంగువ వంక చూసుకున్నాడు. తర్వాత పగలబడి నవ్వాడు. రాజు నవ్వాక కొలువూ నవ్వింది. అందరికంటే ఆలస్యంగా మంత్రి నవ్వాడు.

"కొట్టు నీదే యాకూతూ. ఇంకేమైనా కోరుకో."

"శెట్టిని ఏమీ అనకండి ప్రభూ. ఆయన అరుగు లేకపోతే నా పొయ్యి వెలిగేది కాదు. ఇక, తమ వంటవాణ్ణి ఒక్కసారి నా వీధి గుమ్మంలోంచి రమ్మనండి. పట్టపగలు."

మర్నాడు రాచవంటవాడు డప్పులతో వెళ్లి వీధి గుమ్మంలోంచి ఇంగువ కొన్నాడు. సాయంత్రానికి ఊరంతా అక్కడ బారులు తీరింది. మేకకు చోటు లేదు.

"చూశావా ఎల్లనా, జనం మారిపోయారు!" అన్నాడు రాజు మురిసిపోతూ.

"మారారు ప్రభూ. నిన్నటిదాకా అమ్మేవాడి ముఖం చూసేవారు. ఇవాళ కొనేవాడి ముఖం చూస్తున్నారు."

రాజు మళ్లీ నవ్వి, తన చేతి కంకణం తీసి ఎల్లనకు తొడిగాడు. చెక్కకుండా మిగిలిపోయిన రాగిరేకు కూడా ఆయనకే ఇప్పించాడు. ఎల్లన భార్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చారుగిన్నె మీద మూతగా పెట్టింది. ఆ రాజు తెప్పించిన వాటిలో ఊళ్లో ఒకరికైనా పనికొచ్చిన రేకు అదొక్కటే అంటారు.