పళ్ళెం పట్టిన చెయ్యి

అయ్యగారిని ఎవరు ఏం అడగబోయినా ముందు చెంబెడు మంచినీళ్ళు ఇచ్చేవారు. తాగేదాకా ప్రశ్న వినేవారు కాదు. సగం ప్రశ్నలు ఆ నీళ్ళతోనే దిగిపోతాయని ఆయన నమ్మకం. కాస్త దగ్గరికి జరగండమ్మా, నేను చెప్పే ఈ కథ వెనకవాళ్ళకి కూడా వినపడాలి. ఆ రోజు చెంబు ఖాళీ అయినా దిగని ప్రశ్న ఒకటి వచ్చింది.

అడిగినవాడు ఆయన శిష్యుడు వీరరాఘవులు. వచ్చే వారమే అసెంబ్లీ ఎన్నికలు. గంట గుర్తు వాళ్ళు ఒక పక్క, పడవ గుర్తు వాళ్ళు ఒక పక్క ఊరిని పట్టి లాగుతున్నారు. మర్నాడు గంట గుర్తు వాళ్ళు ఇంటింటికీ కర్పూరం పళ్ళెంతో వస్తారని కబురు. మంట మీద అరచెయ్యి ఉంచి, ఓటు మీకేనని ఒట్టు వెయ్యాలి.

"ఇష్టం లేని ఒట్టు వేస్తే దేవుడికి భయం, వెయ్యకపోతే మనుషులకి భయం. ఏ భయం పడమంటారు అయ్యగారూ?"

"మా గుండ్లవాగులోనూ తిరిగిందిరా ఆ పళ్ళెం, ఇరవై ఏళ్ళ కిందట" అన్నారు అయ్యగారు.

"మీరు వేశారా ఒట్టు?"

"వేశాను. నాకూ భయమేసింది."

అంత మాట ఆయన నోట విని రాఘవులు తల దించుకున్నాడు. అప్పుడు అయ్యగారు చెప్పిన సంగతి ఇది.

గుండ్లవాగులో గంట గుర్తు పెత్తనమంతా పెదకోటయ్యది. మంచినీళ్ళ ట్యాంకు తాళంచెవి ఆయన మొలతాడుకే వేలాడేది. పళ్ళెం ముత్తైదువ పట్టుకుంటేనే ఒట్టుకి బలమని ఆ ఊరి నమ్మకం. అందుకని తన భార్య ఆదెమ్మ చేత పట్టించి, ఇల్లిల్లూ తిప్పాడు. ఆదెమ్మ నోరు విప్పే మనిషి కాదు. ఆమె చేతి గాజులు నెల తిరక్కుండానే పగిలి మారిపోయేవి. అందరూ చూసేవారు, ఎవరూ అడిగేవారు కాదు. ఊరంతా ఒట్టు వేసింది. కర్పూరం మీద అబద్ధమాడితే కళ్ళు పోతాయని పసిపిల్లలతో సహా నమ్మే ఊరది. కోటయ్య కూడా నమ్మేవాడు.

ఓట్లు లెక్కపెట్టారు. గుండ్లవాగు బూత్‌లో గంటకి ఆరు వందల పన్నెండు. పడవకి ఒకటి.

అభ్యర్థి గెలిచాడు. కానీ ఊరేగింపులో దండ వేయించుకుంటూ, "ఏం కోటయ్యా, ఒకటి చెయ్యి జారిందే" అని నవ్వాడట. ఆ సాయంత్రమే కోటయ్య ట్యాంకుకి తాళం వేశాడు. "ఆ ఒక్కరూ ఎవరో తేలేదాకా చుక్క నీళ్ళు రావు. తేలాక ఆ మనిషి ఈ ఊళ్ళో ఉండకూడదు" అన్నాడు.

మూడు రోజులు. ఎండాకాలం. బిందెలు బోర్లించే ఉన్నాయి. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. నాలుగో రోజుకి ఊరి చూపులన్నీ నాంచారమ్మ మీదికి తిరిగాయి. ఉడకబెట్టిన శనక్కాయలమ్ముకునే ఒంటరి ముసలమ్మ. పడవ వాళ్ళ సభకి వెళ్ళిందని ఎవరో అన్నారు.

"వెళ్ళాను. పులిహోర పెడతామంటే వెళ్ళాను" అందామె. "ఉప్పు లేదు. ఉప్పులేని పులిహోరకి ఓటెవరేస్తారు నాయనా?"

ఎవరికీ నవ్వు రాలేదు.

ట్యాంకు కింద మళ్ళీ పళ్ళెం వెలిగించారు. మళ్ళీ ఆదెమ్మే పట్టుకుంది. ఒక్కొక్కరే వచ్చి, నేను గంటకే వేశానని మంట మీద చెయ్యి పెట్టి వెళ్ళారు. అయ్యగారూ పెట్టారు. అందరి చివర నాంచారమ్మ పెట్టింది, తీసింది, కళ్ళకద్దుకుంది. ఊళ్ళో ఇంకెవరూ మిగల్లేదు. కర్పూరం మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంది.

ముసలమ్మ పళ్ళానికి రెండు చేతులూ చాపింది. "ఇటియ్యి తల్లీ, కాసేపు నేను పట్టుకుంటాను. నువ్వు కూడా వేసెయ్యి. నువ్వొక్కదానివే మిగిలావు."

ముసలమ్మ మనసులో ఏ కల్మషమూ లేదు. వరస ప్రకారం మిగిలిన మనిషిని పిలిచింది, అంతే. కానీ జనమంతా ఒక్కసారి కోటయ్య వైపు తిరిగారు. ఆ ఇంట్లో ఉన్నవి రెండే ఓట్లు. ఒకటి కోటయ్యది.

ఆదెమ్మ పళ్ళెం అందించి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, మొగుడి వైపు తిరిగి నిలబడింది. వెయ్యమంటారా అని అడుగుతున్నట్టు చూసింది. ఆమె చెయ్యి నిలకడగా ఉంది. మంట మీదికి వెళ్ళబోతోంది.

కోటయ్య ఒక్క అంగలో వచ్చి, తన అరచెయ్యి బోర్లించి కర్పూరం ఆర్పేశాడు. దేవుడి వెలుగుని మనిషి చేత్తో ఆర్పడం ఆ ఊరు అదే మొదటిసారి చూడడం. "చాల్లే, పొండి" అన్నాడు. తాళంచెవి విప్పబోతే అది మొలతాడు నుంచి ఎంతకీ రాలేదు. వేళ్ళు అంతగా వణుకుతున్నాయి. ఆఖరికి పక్కవాడు విప్పి తాళం తీశాడు.

అయ్యగారు చెప్పడం ఆపారు. రాఘవులు ఆగలేక, "తర్వాత ఆవిణ్ణి ఏం చేశాడు?" అన్నాడు.

"ఏమీ చెయ్యలేదు. ఒక్క మాట కూడా అడగలేదు. ఆ తర్వాత ఆవిడ గాజులు మారడం మేం చూడలేదు. ఆయన మాత్రం, బతికినన్నాళ్ళూ, ఆవిడ వడ్డించిన అన్నంలో మొదటి ముద్ద కుక్కకి పెట్టి, అది తోక ఊపేదాకా చూసి గానీ తినలేదు."

చెంబులో మళ్ళీ నీళ్ళు పోసి శిష్యుడి ముందుకి జరిపి, అయ్యగారు అన్నారు: "రేపు పళ్ళెం నీ ముందుకొచ్చినప్పుడు మంటకేసి చూడకు నాయనా. దాన్ని పంపినవాడి వేళ్ళకేసి చూడు."